దస్తఖత్ కొంటున్నామా, హునర్ కొంటున్నామా?

లితోగ్రాఫ్ అనగానే మనవాళ్లలో చాలామంది అదేదో అమీరుల శౌఖ్ అనుకుంటారు. పారిస్, నీలామ్, లక్షల సౌదా... మనకెందుకులే భాయీ అంటారు. కానీ లితోగ్రాఫ్ మన ఇళ్లకు కొత్త మెహమాన్ కాదు. దాదాజాన్ సందూఖ్‌లో పాత ఉర్దూ కితాబ్ ఏదైనా మిగిలి ఉంటే తీసి చూడండి. అందులోని హర్ఫులు సీసం అచ్చుల్లా ఒకే తీరుగా ఉండవు. కాతిబ్ ఖలమ్ ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఒంపు తిరిగిందో తెలిసిపోతుంది. అది రాతి మీద నుంచి కాగజ్ మీదికి దిగిన రాత. మన పెద్దలు దాన్ని పత్థర్ కా ఛాపా అన్నారు, ఫ్రెంచ్ వాళ్లు లితోగ్రాఫ్ అన్నారు. ఉసూల్ ఒకటే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన పిల్లలు గల్ఫ్‌లో, అమెరికాలో, యూరప్‌లో నాలుగు పైసలు సంపాదించి ఇళ్లు కొనుక్కుంటున్నారు. గోడలు ఖాళీగా ఉన్నాయి. ఫోన్ తెరిస్తే ఆన్‌లైన్ నీలామ్‌లు. "షగాల్ స్వయంగా దస్తఖత్ చేసిన లితోగ్రాఫ్, 300లో 112వ ప్రతి, సర్టిఫికెట్ సహా" అని ఇష్తిహార్. క్రూజ్ షిప్‌ల మీద కూడా వేలం పాటలు పెడుతున్నారు. దలాల్ మెల్లగా చెవిలో వేస్తాడు: "ఇది తస్వీర్ కాదు సాబ్, ఇన్వెస్ట్‌మెంట్. పదేళ్లలో రెట్టింపు."

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఈ బాజార్‌లో అందరూ మొదట చూసేది దస్తఖత్. నిజానికి అందరికంటే కమ్జోర్ సబూత్ అదే. అడగాల్సిన సవాల్ వేరే ఉంది: ఆ రాతి మీద పని చేసిన చేయి ఎవరిది? దానికి జవాబు దొరికితే కొనండి. దొరకకపోతే ఎంత అందమైన దస్తఖత్ ఉన్నా జేబులోంచి చేయి తీయకండి.

ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ పని ఎలా జరుగుతుందో తెలియాలి. 1790ల చివర్లో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత ఈ పద్ధతి కనిపెట్టాడు. తన నాటకాలను తక్కువ ఖర్చుతో అచ్చు వేసుకోవాలన్నది అతని ఫిక్ర్. సోల్న్‌హోఫెన్ అనే ఊరి దగ్గర దొరికే నున్నటి సున్నపురాయి మీద జిడ్డు ఉన్న సుద్దతోనో సిరాతోనో గీస్తారు. బంక, కొద్దిగా ఆమ్లం కలిపిన ద్రవంతో రాతిని సిద్ధం చేస్తారు. తర్వాత తడి స్పాంజితో తుడుస్తారు. గీసిన చోట జిడ్డు ఉంది కాబట్టి నీళ్లు నిలవవు, గీయని చోట నిలుస్తాయి. ఇప్పుడు జిడ్డు సిరా రోలర్ తిప్పితే గీత మీద మాత్రమే అంటుకుంటుంది. కాగజ్ పరిచి ప్రెస్‌లో లాగితే బొమ్మ తిరగబడి దిగుతుంది. రంగులు కావాలంటే మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో రాయి. పది రంగులంటే పది రాళ్లు, ఒక్కో కాగజ్ పదిసార్లు ప్రెస్ ఎక్కాలి, వెంట్రుకవాసి కూడా జరగకూడదు. రాయికి బదులు జింక్ పలక వాడినా పని ఇదే.

ఇక్కడ ఒక నుక్తా గుర్తు పెట్టుకోండి. రాగి పలక మీద సన్నగా గీసిన బొమ్మ ప్రెస్‌లో నలిగి నలిగి అరిగిపోతుంది. లితోగ్రాఫ్ రాయి అంత తొందరగా అరగదు. వేలల్లో ప్రతులు తీయొచ్చు. 1891లో తులూజ్ లోత్రెక్ మూలాఁ రూజ్ కోసం చేసిన పోస్టర్ పారిస్ గోడల నిండా అతికించారు, అదీ లితోగ్రాఫే. మరి 50, 75, 150 అని హద్దు ఎవరు పెట్టారు? రాయి పెట్టలేదు. మనిషి పెట్టాడు. "నేను ఇన్నే తీస్తాను, తర్వాత ఈ రాతిని అరగదీసేస్తాను" అని ముసవ్విర్, ప్రచురణకర్త కలిసి ఇచ్చిన వాదా అది. లిమిటెడ్ ఎడిషన్ అంటే అంతకంటే ఏమీ లేదు. మనం పైసలు పెట్టేది ఒక వాదా మీద. అందుకే ఆ వాదా ఇచ్చినవాడి ఇమాన్‌దారీ ఎంతో మన కాగజ్ ఖీమత్ అంతే.

కాగజ్ అడుగున ఎడమవైపు పెన్సిల్‌తో 23/75 అని ఉంటుంది, కుడివైపు దస్తఖత్. మొత్తం 75 ప్రతుల్లో ఇది 23వది అని. 1వ నంబర్ గొప్పది, 75 తక్కువది అనుకోవాల్సిన పని లేదు. నంబర్లు వేసిన వరుసా, ప్రెస్ నుంచి దిగిన వరుసా ఒకటే కానవసరం లేదు. కొన్నిటి మీద ఈ.ఏ. అని ఉంటుంది, అంటే ముసవ్విర్ తన కోసం ఉంచుకున్న ప్రతి. హెచ్.సి. అని ఉంటే అమ్మకానికి కాదని తీసిన ప్రతి. ఇవి కూడా లెక్కలో కొద్దిగానే ఉండాలి. 75 ప్రతుల ఎడిషన్‌కు బాజార్‌లో ఈ.ఏ.లు కుప్పలు తెప్పలుగా కనిపిస్తుంటే వాదా ఎక్కడో తప్పిందనే అర్థం.

ఇక పారిస్ కార్‌ఖానాలోకి వెళ్దాం. రూ ద షాబ్రోల్ అనే వీధిలో ఫెర్నాఁ ముర్లో అనే ఆయన ప్రెస్ ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచ్ లితోగ్రఫీ తారీఖ్ రాస్తే ఆ కార్‌ఖానా పేరు లేకుండా రాయలేరు. మతీస్, బ్రాక్, షగాల్, మిరో అందరూ ఆ గడప తొక్కినవాళ్లే. యుద్ధం ముగిసిన ఏడాది, 1945 నవంబర్‌లో, పికాసో అక్కడికి వచ్చాడు. రోజులు, నెలలు మజ్దూర్ల మధ్యే గడిపాడు. ఆ డిసెంబర్ నుంచి జనవరి దాకా ఒకే ఎద్దు బొమ్మను 11 దశల్లో మార్చుకుంటూ పోయాడు. మొదట కండలు తిరిగిన బరువైన ఎద్దు. చివరికి నాలుగు గీతలు. ఒక్కో దశలో రాతిని గీకడం, మళ్లీ గీయడం, మళ్లీ ప్రెస్ ఎక్కించడం. ఇవన్నీ చేయగలిగాడంటే పక్కన ఉన్న పనివాళ్ల వల్లే. వాళ్లలో తుతాఁ అనే ముసలి ఉస్తాద్‌కు పికాసో బొమ్మలంటే సుతరామూ నచ్చేవి కావట. అయినా ఎవరూ అచ్చు వేయలేమన్న రాళ్లను ఆయనే వేసి చూపించాడు. పసంద్ లేని పనిని కూడా ఖరాబు కానివ్వని హునర్ అది.

అదే కార్‌ఖానాలో 1949 జనవరిలో పికాసో ఒక తెల్ల పావురాన్ని జింక్ పలక మీద చేశాడు. 50 ప్రతులు తీశారు, వాటికి నంబర్, దస్తఖత్. అదే బొమ్మను ఆ ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగిన శాంతి మహాసభకు పోస్టర్‌గా వేసి గోడలకు అంటించారు. ఇప్పుడు ఆలోచించండి. ఆ 50లో ఒకటి ఈ రోజు ఖరీదు చేయాలంటే మనలాంటివాళ్లు ఇల్లు అమ్ముకోవాలి. గోడమీది పోస్టర్‌లోనూ అదే పావురం. దునియా అంతా అమన్‌కు గుర్తుగా పెట్టుకున్నది ఆ పోస్టర్‌నే, నంబర్ వేసిన కాగజ్‌ను కాదు. బొమ్మ ఖద్ర్ వేరు, బాజార్ భావ్ వేరు అనడానికి ఇంతకంటే మిసాల్ ఏం కావాలి?

ఇప్పుడు ఇంకో మిసాల్. షగాల్ దగ్గర షార్ల్ సోర్లియే అనే గొప్ప కారీగర్ పనిచేశాడు. ముర్లో కార్‌ఖానా మనిషే. షగాల్ లితోగ్రాఫ్ పని నేర్చుకుని తానే రాతి మీద గీసిన ఆకులు ఎన్నో ఉన్నాయి. 1961లో వచ్చిన దాఫ్నిస్, క్లోయె అనే 42 లితోగ్రాఫ్‌ల కితాబ్ అందుకు నిలువెత్తు సాక్ష్యం. కానీ 1967లో నీస్ నగరం మీద వచ్చిన 12 లితోగ్రాఫ్‌ల వరుస అలాంటిది కాదు. షగాల్ రంగుల బొమ్మలు చూసి రాతి మీదికి ఎక్కించింది సోర్లియే. షగాల్ చూశాడు, మెచ్చాడు, పెన్సిల్‌తో దస్తఖత్ చేశాడు. ఇందులో ధోఖా లేదు, సోర్లియే పేరు కూడా ఆకు మీద అచ్చువేశారు. ఫ్రెంచ్‌లో దీనికి దాప్రే అని ఒక మాట ఉంది, ఫలానావారి బొమ్మను చూసి చేసింది అని. ధోఖా మొదలయ్యేది తర్వాత. మూడో చేతి దలాల్ సోర్లియే పేరును వేలితో మూసి, షగాల్ దస్తఖత్ మాత్రం చూపించి అమ్మినప్పుడు. దస్తఖత్ అస్లీనే, కానీ చేయి వేరే. ఈ తేడా తెలియని ఖరీద్దార్ రెండింతలు చెల్లిస్తాడు.

దస్తఖత్ ఉండి బొమ్మే లేని కిస్సా కూడా ఉంది. స్పెయిన్ ముసవ్విర్ సాల్వడార్ డాలీ ఖాళీ కాగితాల మీద దస్తఖత్‌లు పెట్టి ఇచ్చేవాడు. 1974లో ఆండోరా సరిహద్దు దగ్గర ఫ్రెంచ్ కస్టమ్స్‌వాళ్లు ఒక బండి ఆపితే అలాంటి ఖాళీ కాగితాలు దాదాపు 40,000 బయటపడ్డాయి. తర్వాత వాటి మీద ఎవరు ఏమి అచ్చువేసినా "డాలీ దస్తఖత్ అస్లీ" అని కసమ్ తినొచ్చు, ఆ కసమ్ ఝూట్ కూడా కాదు. ఇంకోవైపు నకిలీ దస్తఖత్‌ల దందా. 1990ల మొదట్లో అమెరికా పోస్టల్ ఇన్‌స్పెక్టర్లు డాలీ, మిరో, షగాల్, పికాసో పేర్లతో ఉన్న నకిలీ ప్రింట్లు వేలకు వేలు పట్టుకున్నారు. వాటన్నిటికీ సర్టిఫికెట్లు ఉన్నాయా అంటే, కాగజ్ మీద అబద్ధం వేసేవాడికి దాని పక్కన ఇంకో కాగజ్ వేయడం ఏమంత కష్టం?

ఖానూన్ ఈ విషయంలో బాజార్ కంటే అఖల్‌మంద్. మన దేశంతో సహా దునియాలో చాలా దేశాల కస్టమ్స్‌వాళ్లు ఒకే జాబితా వాడతారు. అస్లీ లితోగ్రాఫ్ అంటే ఏమిటో అందులో రాసి ఉంది: ముసవ్విర్ పూర్తిగా తన చేత్తో చేసిన రాయి లేదా పలక నుంచి నేరుగా తీసిన అచ్చు, యంత్రంతో గానీ ఫోటో పద్ధతితో గానీ చేసింది కాదు. అందులో దస్తఖత్ గురించి ఒక్క మాట లేదు. సర్కార్ కూడా అడిగేది చేయి ఎవరిదనే.

మరి మన చేతిలో ఏముంది? కొన్ని మామూలు జాగ్రత్తలు చెప్తాను.

మొదటిది, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం దగ్గర పెట్టుకోండి. రంగుల మధ్యలో వరుసగా, పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది ఫోటో తీసి వేసిన ఆఫ్‌సెట్. చేత్తో గీసిన లితోగ్రాఫ్‌లో సుద్ద గరుకు, సిరా పారిన జాడ ఒక వరుస లేకుండా కనబడతాయి.

రెండోది, తారీఖులు. మతీస్ 1954లో పోయాడు, లెజే 1955లో, బ్రాక్ 1963లో, పికాసో 1973లో, మిరో 1983లో, షగాల్ 1985లో. వాళ్లు పోయిన తర్వాత అచ్చైన ఆకు మీద వాళ్ల పెన్సిల్ దస్తఖత్ ఉందంటే అది కరామత్ కాదు, జాల్‌సాజీ. "పలకలోనే దస్తఖత్" అని రాస్తే అది అచ్చులో భాగం, చేత్తో పెట్టింది కాదు.

మూడోది, కేటలాగ్. ముర్లో స్వయంగా పికాసో లితోగ్రాఫ్‌ల మీద, షగాల్ లితోగ్రాఫ్‌ల మీద సంపుటాలు తెచ్చాడు. ఏ ఆకు, ఏ సంవత్సరం, ఏ కొలత, ఎన్ని ప్రతులు, అన్నీ ఉంటాయి. అమ్మేవాణ్ణి కేటలాగ్ నంబర్ అడగండి. చెప్పలేనివాడితో సౌదా వద్దు. మతీస్ "జాజ్" అసలు లితోగ్రాఫ్ అంటే అక్కడే ఆగండి. 1947 నాటి అస్లీ జాజ్ స్టెన్సిల్ కోసి రంగు పూసిన పోషువార్ పని. లితోగ్రాఫ్ రూపంలో దొరికేవి తర్వాతి నకళ్లు.

నాలుగోది, దస్తఖత్ లేని అస్లీ వైపు చూడండి. తేరియాద్ నడిపిన "వెర్వ్", మాగ్ గ్యాలరీ తెచ్చిన "దెరియేర్ ల మిర్వార్" అనే పత్రికల్లో పెద్ద పెద్ద ముసవ్విర్ల లితోగ్రాఫ్‌లు కలిపి ఇచ్చేవారు. వేలల్లో అచ్చయ్యాయి, నంబర్ లేదు, పెన్సిల్ సంతకం లేదు. కానీ వాటిలో చాలావాటి మీద పని ఆ ముసవ్విర్ చేతిదే. దస్తఖత్ ఉన్న దాప్రే ఆకుకు పెట్టే ఖర్చులో చిన్న భాగానికే ఇవి దొరుకుతాయి. నన్నడిగితే నేను వీటికే ఓటు వేస్తాను. దస్తఖత్ ఉన్న పరాయి చేతికంటే దస్తఖత్ లేని సొంత చేయి మేలు.

మన ఇళ్లకు సంబంధించిన ఇంకో మాట. చాలా ఖాందాన్లలో జాన్‌దార్ తస్వీర్లు గోడకు పెట్టరు. అంతమాత్రాన ఈ దునియా మనకు బంద్ కాదు. పియెర్ సులాజ్ అనే ఫ్రెంచ్ ముసవ్విర్ 2022లో 102 ఏళ్ల వయసులో పోయాడు. జిందగీలో ఎక్కువగా నల్లరంగుతోనే పనిచేశాడు, లితోగ్రాఫ్‌లు కూడా చేశాడు. మనిషి లేడు, జంతువు లేదు. వెడల్పాటి నల్లటి పట్టీలు, వాటి సందుల్లోంచి వచ్చే రోష్నీ. బలమైన ఖలమ్‌తో గీసిన గీతను ప్రేమించే కళ్లకు ఆయన పరాయివాడు కాడు. బీజింగ్‌లో పుట్టి 1948లో పారిస్ చేరిన జావో వూ కీ తర్వాతి రోజుల్లో చేసిన లితోగ్రాఫ్‌లలోనూ రూపాలు ఉండవు, పొగమంచు, నీళ్లు, గాలి ఉన్నట్టు అనిపిస్తుంది అంతే. అసలు మనం ఫ్రెంచ్ ఆర్ట్ అనేదానిలో సగం ముహాజిర్ల మేహనతే. పికాసో మాలగా నుంచి, షగాల్ వితెబ్స్క్ నుంచి, మిరో బార్సిలోనా నుంచి వచ్చినవాళ్లు.

ఆ ముహాజిర్లలో మన తెలుగు నేల మనిషి కూడా ఉన్నాడు. చిత్తూరు దగ్గరి నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. పారిస్‌లో హేటర్ అనే ఉస్తాద్ నడిపిన అతెలియే 17 కార్‌ఖానాలో చేరి, తర్వాత దాన్ని నడిపించేవాళ్లలో ఒకడయ్యాడు. ఆయనది లితోగ్రాఫ్ కాదు, లోహపు పలక పని. చిక్కదనం తేడా ఉన్న సిరాలతో ఒకే పలక నుంచి ఒకేసారి ఎన్నో రంగులు తీసే పద్ధతికి ప్రాణం పోసినవాళ్లలో ఆయన ఒకరు. పికాసో దస్తఖత్ కోసం కంగారు పడే తెలుగువాడికి ఈ పేరు తెలియకపోతే అది బాజార్ మన కళ్లకు కట్టిన పట్టీ.

ఇక పైసల మాట. దీన్ని ఇన్వెస్ట్‌మెంట్ అని ఎవరైనా అంటే లెక్క వేయమనండి. వేలం సంస్థ కొనేవాడి దగ్గర పాట మీద నూటికి 25 దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, కమిషన్ తీసుకుంటుంది. రవాణా, బీమా, కస్టమ్స్ వేరు. మళ్లీ అమ్మేటప్పుడు అమ్మేవాడి కమిషన్ ఇంకోసారి. అంటే ఖీమత్ చాలా పెరిగితే తప్ప మనం పెట్టింది మనకు రాదు. ఈలోగా అది కిరాయి ఇవ్వదు, పంట ఇవ్వదు. పైగా తేమ, చెదలు, ఎండ. గుంటూరులో, బందరులో వానాకాలం కాగజ్‌ను ఎలా మచ్చలు పట్టిస్తుందో మీకు తెలుసు. ఆమ్లం లేని అట్ట వాడాలి, అద్దానికి తగలకుండా ఫ్రేమ్ కట్టించాలి, ఎండ పడే గోడకు పెట్టకూడదు, టేపు అంటించకూడదు, ఫ్రేమ్‌కు పట్టలేదని అంచులు కత్తిరించకూడదు. నియ్యత్ కూడా ముందే తేల్చుకోండి. అమ్మే నియ్యత్‌తో కొన్నది తిజారత్ మాల్ అవుతుంది, దానికి జకాత్ హిసాబ్ ఉంటుంది. ఇంటికోసం కొన్నదాని మస్లా వేరు. మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. పిల్లల ఫీజు, అమ్మీ మందులు, చెల్లి షాదీ కోసం దాచింది మాత్రం ఏ దస్తఖత్ దగ్గరికీ తీసుకెళ్లకండి.

శౌఖ్ వద్దని నేను అనడం లేదు. హలాల్ కమాయీలో మిగిలిన దానితో కళ్లకు నచ్చిన ఒక ఆకు కొని గోడకు పెట్టుకోవడం మంచి శౌఖే. అడిగేది ఒకటే, కద్ర్ సరైన చోట పెట్టమని. ఈ పని ఎప్పుడూ ఒక్కడిది కాదు. లక్నోలో మున్షీ నవల్ కిషోర్ 1858లో ప్రెస్ పెట్టి రాతి అచ్చుతో ఖురాన్, ఫార్సీ, ఉర్దూ కితాబ్‌లు దేశమంతా పంపించాడు. ఆ ప్రెస్‌ల్లో కాతిబ్ మసాలా పూసిన కాగజ్ మీద రాస్తే, దాన్ని రాతికి ఎక్కించాక, తిరగబడిన హర్ఫులను రాతి మీదే సరిదిద్దే మనిషి ఒకడుండేవాడు. అతన్ని సంగ్‌సాజ్ అనేవారు. పికాసో కూడా ఎన్నోసార్లు కాగజ్ మీదే గీసి రాతికి ఎక్కించాడు. ఎక్కించిన చేతులు ముర్లో మజ్దూర్లవి. కాతిబ్ పేరు అప్పుడప్పుడైనా ఆఖరి సఫా మీద ఉండేది. సంగ్‌సాజ్ పేరు ఎక్కడా ఉండేది కాదు.

అందుకే ఇంట్లో ఎవరైనా "సైన్డ్ లిమిటెడ్ ఎడిషన్ అట, తీసుకుందామా" అని అడిగితే మూడు సవాళ్లు వేయండి. రాతి మీద గీసింది ఎవరు? ఏ కార్‌ఖానాలో, ఏ సాల్‌లో అచ్చయింది? దస్తఖత్ చెరిపేసినా ఇది మన గోడ మీద ఉండాలని అనిపిస్తుందా? మూడో సవాల్‌కు దిల్ హాఁ అనకపోతే, మొదటి రెండింటికి జవాబు వెతికే జహ్మత్ కూడా అక్కర్లేదు.